తుపాకీ పక్కన మాట

హిమాయత్‌నగర్, మొయినాబాద్, చేవెళ్ల వైపు నుంచి వింటున్న పెద్దలకు హైదరాబాద్ సంస్థానం మీద భారత ప్రభుత్వం జరిపిన పోలీసు చర్య మాట కొత్త కాదు. పేరుకు పోలీసు చర్యే గాని, 1948 సెప్టెంబరు 13 నుంచి 17 దాకా నడిచింది సైన్యమే. అలాంటి చోట పనిచేసి ఇంటికొచ్చిన జవాను, "జనంతో బాగానే మాట్లాడాం, అంతా సంతోషంగానే ఉన్నారు" అంటే అబద్ధమాడినట్టు కాదు. కాకపోతే భుజాన తుపాకీ ఉన్నవాడు అడిగితే ఊరివాళ్లు ఆచితూచి, అతనికి నచ్చేదే చెబుతారు. నిజాం పక్షాన ఆయుధాలు పట్టిన రజాకార్ల గురించి అడిగే "మీ ఊళ్లో రజాకార్లున్నారా?" అన్న ప్రశ్నకు అవునన్నా ముప్పే, కాదన్నా ముప్పే. నడుమ దుబాసీగా నిలిచినవాడికి పాత పగలుంటే ఇక చెప్పేదేముంది!

తుపాకీ లేనివాళ్లు అడిగితే జనం వేరేగా చెబుతారనడానికి సాక్ష్యం సుందర్‌లాల్ కమిటీ. ఆ ఏడాది చివర్లో నెహ్రూ ప్రభుత్వం పంపగా పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ వంటివారు, యూనిఫాం లేని మనుషులు, ఊళ్లు తిరిగి జనం చెప్పింది రాసుకున్నారు. తక్కువలో తక్కువగా చూసినా పోలీసు చర్యలోనూ ఆ తర్వాతా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారన్నారు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు ఎక్కువ నష్టపోయాయి. సైనికులందరినీ ఒకే గాటన కడుతున్నారని మీరనొచ్చు. కొన్నిచోట్ల జవాన్లు దోపిడీలో చేరారని రాసిన ఆ నివేదికే, దాడులకు గురైన ముస్లింలను కాపాడిన సైనికులనూ మెచ్చుకుంది. మరి రజాకార్ల దాష్టీకం? అదీ నిజమే. ఆ పగ మాత్రం రజాకార్లతో ఏ సంబంధమూ లేనివాళ్ల మీద కూడా తీరింది. వాళ్ల మాటలు రాసుకున్న ఆ కాగితాలు దశాబ్దాలపాటు బయటికి రాలేదు.