కుర్చీలో కూర్చుండుటయే పనియా?



వై.ఎన్.హొసకోటలో ఇంటి మగ్గముమీద పట్టుచీర నేయువాని చేత ఎవరును హాజరు పట్టీలో సంతకము చేయించరు. పోగు తెగినను, అంచు వంకరపోయినను చీరయే సాక్ష్యము చెప్పును. అట్టి ఇంటి బిడ్డ బెంగుళూరు వచ్చి ఒక హోటలు ప్రచార విభాగములో చేరెననుకొందము. కంపెనీలకు గదుల ధరలు వ్రాయుట, పెండ్లి విందులకు హాలు కుదుర్చుట, ప్రకటనలు సిద్ధపరచుట అతని పని. ఇందులో చాలా భాగము ఫోనుతోను, కంప్యూటరుతోను ఊరినుండియే చేయవచ్చును. అయినను ప్రతిదినము ఆఫీసులోనే ఉండవలెనని నియమము. ఊరిలో తల్లి జబ్బుతో ఉన్నది. ఈ నియమము న్యాయమేనా?

లోకములో రెండు జవాబులున్నవి. ప్రయాణికులకు బస కుదుర్చు ఎయిర్‌బిఎన్‌బి సంస్థ తన ఉద్యోగులు ఎక్కడనుండియైనను పని చేయవచ్చునని 2022లో ప్రకటించెను. మన దేశపు టి.సి.ఎస్. 2023 అక్టోబరు నుండి వారమునకు ఐదు దినములు ఆఫీసుకు రమ్మనెను.

"వంటవాడు, గదులు ఊడ్చువాడు ఇంటినుండి పని చేయలేరు గదా, నీకు మాత్రము ఎందుకు?" అని కొందరందురు. ఈ మాట సగమే సరి. ఒకని భారము తగ్గింపలేమని మరియొకనిమీద అదే భారము మోపుట సమానత్వము కాదు. అంతకంటె బలమైన కారణము వేరొకటున్నది. "గది శుభ్రము, భోజనము రుచికరము" అని అతిథికి మాట ఇచ్చువాడు ఆ గదిని, ఆ భోజనమును చూచియుండవలెను. చూడనిదానిని పొగడుట అబద్ధసాక్ష్యమునకు దగ్గర. ఇందుకొరకు రమ్మన్నయెడల రావలసినదే. అట్లుగాక, హోటలుకు దూరముననున్న ఒక గదిలో కూర్చుండబెట్టి కుర్చీ నిండెనా అని మాత్రమే లెక్కించినచో, అది వట్టి కాపలా యగును.

పనివానికిని ఒక మాట. యజమాని చూచుచున్నప్పుడు మాత్రమే చేయు సేవ చాలదని పౌలు కొలొస్సయులకు వ్రాసెను. సంతకము పెట్టి సాయంత్రమువరకు కూర్చుండి లేచినంతమాత్రమున జీతమునకు న్యాయము చేసినట్లు కాదు. ఒప్పుకొని చేరిన నియమమును చాటున తప్పించుకొనుటయు తగదు. తల్లి సంగతి దాచక చెప్పుట అతని ధర్మము. విని, కొన్ని దినములైనను ఊరినుండి పని చేయనిచ్చుట యజమాని ధర్మము.

మన సంఘములలో పని చేయించువారును ఉన్నారు, పని చేయువారును ఉన్నారు. నేతగానికి చీర సాక్ష్యమైనట్లు మన పనికి ఏది సాక్ష్యమో ఇరువురమును ఆలోచించుకొందము.