గాయము వెల

మనుష్యుడు నాది అని చెప్పుకొను వస్తువులన్నిటిలో నిర్వివాదముగా వానిదే అనదగినది వాని దేహము. పొలము తాతలనాటిది కావచ్చును, ఇల్లు అప్పుమీద నిలిచినది కావచ్చును, జీతము యజమాని చిత్తవృత్తి ననుసరించి వచ్చునది కావచ్చును. కాని ఒక కాలు, ఒక కన్ను, రాత్రి కలత లేక నిద్రించు మనస్సు, వీనికి పాలివారు లేరు. అట్టి దేహములో ఒక భాగమును యుద్ధభూమిలో విడిచివచ్చినవానికి ప్రభుత్వము నెలనెలా ముట్టజెప్పు భృతి, ఈ తర్కము ననుసరించి, లోకమందలి ధనములన్నిటిలో అత్యంత స్వకీయమైనది కావలెను. ఇట్టి తర్కమునే ఊతగా గొని టెన్నెసీ రాష్ట్రమునకు చెందిన ఒక వియత్నాం యుద్ధ సైనికుడు అమెరికా సుప్రీము కోర్టు మెట్లెక్కెను. 1987లో, రోజ్ వర్సెస్ రోజ్ అను వ్యాజ్యమునందు, ఆ న్యాయస్థానము అతని వాదమును త్రోసిపుచ్చెను.

అతడు సంపూర్ణ వికలాంగుడు. వివాహము విచ్ఛిన్నమైన పిమ్మట ఇద్దరు బిడ్డల భరణమునకై నెలకు 800 డాలర్లు చెల్లింపవలసినదిగా రాష్ట్ర న్యాయస్థానము ఆజ్ఞాపించెను. ఫెడరల్ ప్రభుత్వము నుండి వచ్చు భృతులు తప్ప అతనికి వేరొక రాబడి లేదు. అతడు చెల్లింపడయ్యెను, కోర్టు ధిక్కారము క్రింద కారాగారము విధింపబడెను. ఇందు నన్ను ఆకర్షించిన విశేషమేమనగా, అతడు తనకు చెల్లించు శక్తి లేదని చెప్పలేదు. శక్తి కలదని ఒప్పుకొనియే, ఈ ధనముపై ఆజ్ఞ వేయుటకు మీకు అధికారము లేదనెను. వైకల్య భృతిని అప్పులవారు జప్తు చేయరాదని ఫెడరల్ చట్టము శాసించుచున్నది గదా, అని అతని ప్రశ్న. బహుసంఖ్యాకుల పక్షమున తీర్పు వ్రాసిన న్యాయమూర్తి థర్గుడ్ మార్షల్ ఇచ్చిన సమాధానము సూక్ష్మమైనది: ఆ రక్షణ సైనికునకు మాత్రమే కాదు, వానిపై ఆధారపడినవారికి గూడ ఉద్దేశింపబడినది, కావున వారికి విరోధముగా దానిని ప్రయోగించుట చెల్లదు. బైరన్ వైట్ ఒక్కడే భిన్నాభిప్రాయమును ప్రకటించెను.

అప్పులవాడును బిడ్డయు ఒకే ద్వారమున నిలిచి చేయిచాచినట్లు కనబడినను, వారిరువురి నడుమ గల అంతరము అపారము. అప్పులవాడు ఇచ్చినదానిని తిరిగి కోరువాడు. బిడ్డ ఏమియు ఇచ్చియుండలేదు, ఒడంబడిక వ్రాసికొనలేదు, అడిగి పుట్టలేదు. మన ధర్మశాస్త్రకారులు పసిబిడ్డను వృద్ధులైన తల్లిదండ్రులతోపాటు తప్పక భరింపవలసినవారిలో చేర్చి, అందుకై చేయరానిపని చేసినను దోషము లేదనునంతవరకు పోయిరి. అదియునుగాక గాయము తగిలినవాని దేహముతోనే నిలిచిపోదు. అర్ధరాత్రమున ఉలికిపడి లేచు తండ్రియున్న ఇంట బిడ్డ అడుగు చప్పుడు కాకుండ నడుచుట నేర్చుకొనును. వైకల్యమునకు శాతములు కట్టు ఏ కార్యాలయమును ఆ విద్యకు శాతము కట్టలేదు.

భారతమున కర్ణుడును సహజకవచమును మేనినుండి కోసియిచ్చి ఇంద్రునివలన శక్త్యాయుధమును బడసెను. తన రక్తమాంసముల వెల గనుక దానిని తానెంచుకొన్న ప్రయోజనమునకే, అర్జునునిమీదనే, వినియోగింపవలెనని దాచుకొనెను. కాని ఘటోత్కచుని ధాటికి తాళలేక తన్ను నమ్మిన సేన ఆక్రందించిన రాత్రి దానిని విడువక తప్పినదికాదు. ఆ ఆయుధము తనది కాకపోలేదు; తనదియే అయియు తాను దాచుకొనుటకు వీలులేని ఘడియ యొకటి వచ్చెను.

చట్టము మాత్రము బిడ్డకు భాగమున్నదను ఈ ధర్మమును సరళరేఖపై నడిపింపలేదు. సాధారణముగా వైకల్య భృతిని భరణము నిమిత్తమై మూలమునందే ఆపుటకు వీలులేదు. అది సైనికుని చేతికి అందిన తరువాతనే న్యాయస్థానము ఆ చేతిని పట్టుకొనవలెను. రిటైర్మెంటు వేతనములో కొంత వదులుకొని దానికి బదులుగా భృతిని గ్రహించిన సందర్భమున మాత్రము ఆ మేరకు మూలమునందే కోత విధింపవచ్చును. చిత్రమేమనగా, సరిగా ఇదే ధనమును విడాకులనాడు ఆస్తిగా భావించి భార్యకు పంచరాదని 1989లో మాన్సెల్ వ్యాజ్యమునందును, ఆ లోటును భర్తచేత వేరొక రూపమున పూరింపజేయరాదని 2017లో హోవెల్ వ్యాజ్యమునందును అదే సుప్రీము కోర్టు నిర్ణయించెను. ఇల్లాలికి ఆస్తిగా అందని కాసు బిడ్డకు అన్నముగా అందును. దీనిలో అసంగతము లేదని ధర్మజ్ఞులు చెప్పుదురు. సైనికుడు ఊళ్లు మారుచుండగా ఇరువది యేండ్లు వెంట తిరిగిన ఇల్లాలి వంక చూచి ఆ మాట చెప్పుట నాకైతే సాధ్యము కాదు.

మొదట చెప్పిన తర్కమునకు తిరిగి వచ్చెదను. దేహము వానిదే యైనచో దాని వెల మాత్రము వానిది కాకపోవుటెట్లు? ఆ భృతిని లెక్కగట్టు పద్ధతియే దీనికి ఉత్తరము చెప్పుచున్నది. పదినుండి నూరువరకు పదేసి చొప్పున నిర్ణయించు ఆ శాతములు బాధను కొలుచునవి కావు. అట్టి వైకల్యమువలన సగటున సంపాదనాశక్తి ఎంత తగ్గునో దానినే కొలుచునవి. ముప్పది శాతము గాని ఆపైని గాని వైకల్యము గలవారికి ఆలుబిడ్డల నిమిత్తమై అదనముగా గూడ చేర్చుదురు. కావున అది మాంసమునకు వెల కాదు, చేతులు చక్కగనుండినచో తెచ్చియుండెడి కూలికి బదులు. ఆ కూలిలో బిడ్డకు భాగమున్నదను విషయమును ఏ తండ్రియు కాదనజాలడు.

అయినను నా మనస్సున ఒక ముల్లు మిగిలియున్నది. స్నానమునకును, వస్త్రధారణమునకును ఇతరులపై ఆధారపడవలసిన వికలాంగునకు తోడుమనిషి నిమిత్తమై ఎయిడ్ అండ్ అటెండెన్స్ అను పేర మరికొంత ఇచ్చెదరు. టెన్నెసీ సైనికుని రాబడిలో అదియును కలిసియున్నది. పోయిన సంపాదనకు ఇది బదులు కాదు. చేతులు బాగుగనుండినచో ఈ ధనము వచ్చియుండెడిదే కాదు. దీనిని గూడ ఆదాయముగా ఎంచి భరణమును కట్టినపుడు బిడ్డకు ముట్టునది తండ్రి కూలిలో భాగము కాదు, తండ్రిని మంచముపైనుండి లేపు మనిషి కూలిలో భాగము. బిడ్డకు పాలున్నదని శిరసావహించిన నేను ఈ పద్దువద్ద మాత్రము ఆ సైనికుని పక్షమున నిలిచెదను. ఈ రెండు పద్దులను విడదీసి చూచుట న్యాయమూర్తులకు దుష్కరమును గాదు. భృతిని మంజూరుచేయు శాఖయే వానిని వేర్వేరు అర్హతలపై నిర్ణయించుచున్నది.