తేడా రాని లెక్క

ద్వారకా తిరుమల అన్నదానంలో అప్పుడప్పుడు వడ్డనకు వెళ్తాను. మారు అడిగితే ఎందుకని అడగం. ఆర్మీ స్టోర్‌లో 24 ఏళ్లు నేను చేసింది అలా అడగడమే.

తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని మిలటరీ మాధవరం అంటారు. అక్కడైనా చెప్పుకునేది తుపాకీ పట్టినవాళ్ల గురించే. రేషన్ తూచినవాళ్లకు కథలుండవు.

నాకొకటుంది. మంచుకొండల్లో ఓ కుర్రాడు చిరిగిన గ్లవ్స్ పట్టుకొచ్చాడు. గడువు తీరలేదన్నాను. వెనక ర్యాక్‌లో కొత్త జతలున్నాయి. రూలు నా వైపే. అతనికి రెండు వేళ్లు పోయాయి. ఆ ఏడు ఆడిట్‌లో సూది కూడా తేడా రాలేదు.

అడిగినవాడికల్లా ఇస్తే చివరివాడికి మిగలదు, నిజమే. కానీ ఆరోజు నా మనసులో ఉన్నది చివరివాడు కాదు, ఆడిట్. దొంగిలించలేదు కాబట్టి నిజాయితీపరుణ్ణే అనుకున్నాను. మరి ఇవ్వాల్సింది ఇవ్వకుండా బిగబట్టుకోవడాన్ని ఏమనాలి?