రాజ్యోన్నతికిఁ గొలఁత యేది?

అంతఃకలహముచే శిథిలమైన జాతి మరల లేచి లోకమున మహాశక్తి యైనప్పుడు, దాని యౌన్నత్యమును దేనితోఁ గొలువవలెను? గెలిచిన దుర్గములతోనా? నిండిన బొక్కసముతోనా? ఈ ప్రశ్నకు మన కఱవుసీమ చరిత్రమే యుత్తర మిచ్చుచున్నది.

పూర్వము అనంతపురము జిల్లాలో నుండి, 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలోఁ జేరిన పెనుగొండను జూడుఁడు. 1485లో సాళువ నరసింహుఁడు విజయనగర సింహాసనము నాక్రమించెను. 1491లో నాతఁడు మరణింపఁగా, బిడ్డల సంరక్షణకు నియుక్తుఁడైన తుళువ నరసనాయకుఁడే రాజ్యము నేలెను. రాజకుమారుఁడగు ఇమ్మడి నరసింహుఁడు పెనుగొండలో నిర్బంధింపఁబడి, 1505లో హతుఁడయ్యెను. నాలుగేండ్లకు నరసనాయకుని కుమారుఁడు శ్రీకృష్ణదేవరాయలు పట్ట మెక్కెను. ఉదయగిరి, కొండవీడు, రాయచూరు వశమయ్యెను. 1520 ప్రాంతమున వచ్చిన పోర్చుగీసు యాత్రికుఁడు డొమింగో పాయెస్ ఆ రాజధాని రోమునగరమంత పెద్దదని వ్రాసెను.

ఆ పాయెసే మఱియొక సంగతియు వ్రాసియున్నాఁడు. రాయలు కట్టించుచున్న పెద్దచెరువు కట్ట రెండు మూఁడు మాఱులు తెగఁగా, దేవత బలి కోరుచున్నదని పురోహితులు చెప్పిరఁట. రాజాజ్ఞచే నఱువదిమంది మనుష్యులు తల లిచ్చిరఁట! చెరువు ప్రజల ప్రాణములను గాచుటకుఁ గదా కట్టఁబడును. దానికై ప్రజల ప్రాణములనే కోరు దైవము దైవ మగునా?

ఈ దోషము మన దేశమునకే పరిమితము గాదు. అమెరికా 1865లో నంతర్యుద్ధమును ముగించి, దాస్యమును రాజ్యాంగముచే నిషేధించి, పిదపఁ బ్రపంచశక్తి యయ్యెను. అయినను దక్షిణ రాష్ట్రములలో నల్లవారి వోటుహక్కును గట్టిగాఁ గాపాడు చట్టము 1965లోఁగాని రాలేదు. యుద్ధము నాలుగేండ్లలో ముగిసినది. న్యాయమునకు నూఱేండ్లు పట్టినది.

రక్తపాతము లేక రాజ్యము నిలుచునా యని కొంద ఱందురు. రక్తముచే నిలిచినదేది? 1614లో వేంకటపతిరాయలు గతింపఁగా, వారసుఁడైన శ్రీరంగరాయలు హతుఁడై, ఆ సింహాసనమునకే మరల నంతర్యుద్ధము చెలరేఁగెను. రాజ్యము పిమ్మటఁ బూర్వవైభవమును బొందనే లేదు. వారసుని జంపి గద్దె నెక్కవచ్చునని యొకతరము చూపిన త్రోవను మఱియొక తరము త్రొక్కినది.

సోదరులారా, ఏఁటికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బ్రదుకు మన పీఠభూమిలోఁ జెరువు మంచిచెడ్డలు తెలియఁగోరు రైతు కట్టయెత్తును జూచి తృప్తి నొందఁడు. ఆయకట్టునఁ గడపటి మడికి నీరందినదా యని యడుగును. జాతులను గూర్చియు నట్లే యడుగవలెనని మా యభిప్రాయము. కడపటి గుడిసెకు న్యాయ మందువఱకు నే దేశమునను నంతఃకలహము ముగిసినట్లు గాదు.