సొరతీగయు దాని కథయు

పిల్లలకొక దేశపు చిత్రకళను నేర్పునపుడు, ఆ కళకు ప్రాణమైన మతకథను గూడ చెప్పవలెనా, లేక కుంచె త్రిప్పుట మాత్రము నేర్పి యూరకుండవలెనా యను ప్రశ్నను మేమిచట విచారింప దలచితిమి. బడిలో పనిచేయువారి కిది చిన్న ప్రశ్న కాదు. ఊహలో తేలిపోకుండుటకై స్వీడను దేశపు పల్లెచిత్రములను దృష్టాంతముగా గైకొందుము.

ఆ దేశమున డాలర్నా యను మండలము కలదు. రమారమి 1780 మొదలు 1870 వఱకు అందలి రెట్విక్, లెక్సాండ్ ప్రాంతముల చిత్రకారులు ఊరూర తిరిగి రైతుల యిండ్లగోడలకును, చెక్కబీరువాలకును రంగుల బొమ్మలు వ్రాసిరి. వీరు కళాశాలలలో చదివినవారు కారు. బైబిళ్లలోను, చౌకగా దొరకు అచ్చుకాగితములలోను గల బొమ్మలను చూచి నేర్చినవారు. వ్రాసిన కథలలో పెక్కు బైబిలులోనివే. బుద్ధిగల కన్యకలు, బుద్ధిలేని కన్యకలు, కానా యూరి పెండ్లి, ద్రాక్షతోట కూలివాండ్రు, శిశువైన క్రీస్తును చూడ గుఱ్ఱములెక్కి వచ్చు రాజులు. ఇందొక వింత కలదు. యూదయ దేశపు పురుషులీ బొమ్మలలో స్వీడను సైనికుల కోటులు తొడిగియుందురు. కన్యకలు చిత్రకారుని కాలపు స్త్రీలవలె నలంకరించుకొని యుందురు. ద్రాక్షలు పండని చలిదేశపువాడు ద్రాక్షతోటను వ్రాసినాడు! దీనిని అజ్ఞానమని నవ్వువారు కలరు. మాకట్లు తోచదు. కథ తన యింటిదని నమ్మినవాడే కథలోనివారికి తన యూరి బట్టలు కట్టగలడు.

ఆ రైతులలో పెక్కుమందికి చదువ వచ్చును. 1686 నాటి స్వీడను చర్చి శాసనము, పనివాండ్రతో సహా అందఱును చదువ నేర్వవలెనని విధించినది. మతగురువులు కుటుంబములను పిలిచి పరీక్షించెడివారు. కావుననే బొమ్మ క్రింద కథయేదో తెలుపు వ్రాతయు, తఱచుగా సంవత్సరమును కానవచ్చును. అట్టి పరీక్షలు మరల రావలెనని మేము కోరము. నిర్బంధముతో నేర్పిన భక్తి యెట్లుండునో బెత్తము పట్టినవారికి తెలియనిది కాదు.

ఇక ఈ బొమ్మలన్నిటిలోను కన్నును మొదట లాగునది మనుష్యులు గారు. వారి తలలకు మీదుగా, వారికంటె పెద్దదై, మింటి కెగబ్రాకు పూలతీగ. దానిని కుర్బిట్స్ అందురు. సొర గుమ్మడి జాతి తీగ యని యర్థము. ఈ పేరు యోనా ప్రవక్త కథనుండి వచ్చినది.

నీనెవె పట్టణమువారి దుష్కార్యములను ఖండించి చాటుమని దేవుడు యోనాను పంపెను. అతడు మొదట పాఱిపోయెను. పెద్దచేప కడుపులో మూడు దినములు గడపిన పిదప పోయి చాటెను. పట్టణమువారు పశ్చాత్తాపము నొందిరి, దేవుడు క్షమించెను. యోనాకు కోపము వచ్చెను. తాను చాటిన నాశనము జరుగకపోయెను గదా! అతడు ఊరి వెలుపల కూర్చుండి యేమగునో యని చూచుచుండగా దేవుడొక తీగను మొలపించి నీడ కల్పించెను. యోనా మిక్కిలి సంతసించెను. మఱునాటి వేకువ నొక పురుగు తీగను కొఱికెను, తీగ వాడెను, వేడిగాలి వీచెను, యోనా చావు కోరెను. అపుడు దేవుడడిగెను: నీవు నాటక పెంచక వచ్చిన తీగకై యింత వగచితివే, కుడియెడమ లెఱుగని 1,20,000 మందికి మించిన జనమును, అంత పశుగణమును గల పట్టణముపై నాకు జాలి కలుగరాదా? ఆ ప్రశ్నతోనే కథ ముగియును. యోనా యేమనెనో గ్రంథము చెప్పదు.

ఆ మొక్క యేదియను వివాద మొకటి కలదు. హెబ్రీ మూలమున దాని పేరు కీకయోను. గ్రీకు అనువాదకులు సొరజాతి యనిరి. లాటినులో జెరోము దానిని వేఱొక ప్రాకుడుతీగగా మార్చెను. లూథరు జర్మనులో మరల గుమ్మడి పేరే పెట్టెను. మన తెలుగు బైబిలులోను సొరచెట్టే. నేటి పండితులలో పెక్కురు అది ఆముదపు మొక్క యందురు. చెట్టులేని యూర ఆముదపు చెట్టే మహావృక్షమను మన సామెతకు, ఎండలో కూర్చున్న యోనాకంటె తగిన సాక్షి దొరకడు.

కుంచె నేర్పుడు, కథ వలదు అనువారి వాదము తోసివేయదగినది కాదు. బడి యందఱిది. స్వీడనులో 2000 సంవత్సరమున చర్చి ప్రభుత్వమునుండి వేఱైనది. 2010 నాటి విద్యాచట్టము ప్రభుత్వ పాఠశాలలలో మతప్రబోధరూపమైన బోధన కూడదన్నది. తరగతిలో మహమ్మదీయుల బిడ్డ యుండును, నాస్తికుల బిడ్డ యుండును. సరియే. కాని కథ చెప్పుట వేఱు, కథను నమ్ముమనుట వేఱు. ఈ తీగ మనుష్యులకంటె ఇంత పెద్దదేల యని పిల్లవాడడుగును, తప్పక అడుగును. అందమునకు నాయనా యని గురువు చెప్పి ముగించినచో, తెలిసిన సంగతిని దాచి సగము సత్యము నిచ్చినవాడగును. ఆ యలవాటు మంచిది కాదు.

సగము సత్యమనుటకు కారణము కలదు. యోనా లేని బొమ్మలలోను తీగ యున్నది. పెండ్లి బొమ్మపై నున్నది, రాజుల బొమ్మపై నున్నది. చిత్రకారునకది కథయు నగును, అలంకారము నగును, ఖాళీచోటు నింపు నుపాయము నగును. ఇది మఱచి, ప్రతి రేకునకు నొక సిద్ధాంతమును, ప్రతి రంగునకు నొక పుణ్యమును అంటగట్టి పిల్లలచే వల్లెవేయించు భక్తులును తప్పుచేయుచున్నారు. వారివలన బొమ్మ ప్రశ్నోత్తరమాలిక యగును. రెండవ పక్షమువారికంటె మొదటివారే మాకు కొంత మేలనిపింతురు. వారు తక్కువ చెప్పుదురు గాని లేనిది చెప్పరు.

కథ తొలగిన రూపము బజారున బాగుగానే చెల్లును. ఎఱ్ఱని డాలర్నా చెక్కగుఱ్ఱము 1939లో న్యూయార్కు ప్రపంచ ప్రదర్శనము పిదప దేశదేశముల ప్రసిద్ధికెక్కినది. దాని వీపుపైని పూలు ఈ తీగ సంతతియే. కొనువారిలో యోనాను తలచువారెందఱు? బజారును తప్పుపట్టము. బడి బజారు కారాదని మాత్రమే మా మనవి.

స్టాక్‌హోములో ఉద్యోగములు చేయు తెలుగు తల్లిదండ్రులు, మన బిడ్డ కీ క్రైస్తవ కథ యేల యని జంకవచ్చును. సేతువు కట్టిన కథ చెప్పకుండ కోతిబొమ్మను మాత్రము గీయించి పంపు గురువును వారు మెత్తురా? పొరుగుపిల్లవాడు హనుమంతుని కథ విన్నంత మాత్రమున వాని యిల్లు మాఱదు. మన బిడ్డ యిల్లును మాఱదు.

మాకు తోచిన పద్ధతి యిది. మొదటి దినమున తీగను మాత్రమే వ్రాయించవలెను. చేయి వంపునకు అలవాటు పడనిది కథ తలకెక్కదు. పిదప కథను గ్రంథమున నున్నట్లు, కూర్చక, తీసివేయక చెప్పవలెను. చిత్రకారుడు దీనిని నమ్మినాడని చెప్పవలెను; నీవు నమ్ముమని చెప్పరాదు. తరువాత తీగ క్రింద నీనెవెను వ్రాయుమనవలెను. డాలర్నావాడు తన యూరి బట్టలు కట్టినట్లే, పిల్లలు తమ వీథిని, తమ బస్సును, తమ యింటిలోని వారిని వ్రాయుదురు. పశువులను మఱవరు, పిల్లలకు కథలో పశువులే ముఖ్యము. ఒకడు లేచి, పురుగును పంపినదెవరని యడుగును. దేవుడే యని కథలో నున్నదని గురువు చెప్పవలసివచ్చును. ఎందుకని వాడు మరల అడుగును.