నిదానం బద్ధకం కాదు

పని చేసేచోట ఎక్కువ మెప్పు పొందేది ఎవరు? సాధారణంగా చకచకా పని ముగించేవారు, అడిగిన వెంటనే జవాబు చెప్పేవారు. ఒక్క క్షణం ఆగి ఆలోచించే మనిషిని మాత్రం చాలామంది మందకొడి అనుకుంటారు. కాని నిదానం వేరు, బద్ధకం వేరు. బద్ధకస్తుడు పని తప్పించుకోవడానికి ఆగుతాడు. ఆలోచనాపరుడు పని సరిగ్గా చేయడానికి ఆగుతాడు.

అబ్దుల్ ఖైస్ తెగ ప్రతినిధి బృందం వచ్చినప్పుడు, అందులోని అషజ్ అనే వ్యక్తిలో అల్లాహ్ మెచ్చే రెండు గుణాలున్నాయని దైవప్రవక్త (స) తెలిపారు. అవి సహనం, నిదానం. అంటే నిదానం కేవలం స్వభావం కాదు, అది సుగుణం.

క్రీ.శ. 634 నుండి 644 వరకు ఖలీఫాగా ఉన్న హజ్రత్ ఉమర్ (రజి) జీవితంలోని ఒక సంఘటన చూడండి. ఆయన సిరియాకు బయలుదేరి సర్గ్ అనే చోటికి చేరేసరికి, అక్కడ ప్లేగు వ్యాపించిందన్న వార్త అందింది. ఆయన ముందు ముహాజిర్లను, తర్వాత అన్సార్లను, ఆ తర్వాత ఖురైష్ పెద్దలను సంప్రదించారు. మొదటి రెండు వర్గాలలో భిన్నాభిప్రాయాలు వచ్చాయి. పెద్దలంతా వెనుదిరగడమే మేలన్నారు. ఆయన అలాగే నిర్ణయించారు. దైవనిర్ణయం నుండి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) ప్రశ్నిస్తే కోపగించి పంపేయలేదు, ఉపమానంతో వివరించారు. ఆ తర్వాత హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వచ్చి, ఈ విషయంలో తాను విన్న ప్రవక్త (స) ఆదేశాన్ని వినిపించారు. అది ఆ నిర్ణయాన్నే బలపరచింది. అధికారం ఉండి కూడా అడగడం, ఆక్షేపణను వినడం, చివరికి తేల్చుకోవడం: ఆలోచనాపరుడి పనితీరు ఇదే.

నేటి అనుభవమూ ఇదే చెబుతోంది. ఆపరేషన్ సమయంలో వైద్య బృందం కాస్త ఆగి సరిచూసుకోవలసిన 19 అంశాల పట్టికను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో విడుదల చేసింది. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆసుపత్రులలో దాన్ని పాటించి చూశారు. 2009లో వెలువడిన ఫలితాల ప్రకారం, మరణాలు 1.5 శాతం నుండి 0.8 శాతానికి తగ్గాయి. ఆ వైద్యులకు అంతకుముందు పని రాదా? వచ్చు. తోడైంది ఆగి చూసుకునే అలవాటు మాత్రమే.

"యజమాని తొందరపెడుతుంటే ఆలోచించే తీరిక ఎక్కడిది?" అని అడగవచ్చు. ప్రతి పనికీ గంటలు అవసరం లేదు. ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇది పొరపాటైతే దిద్దుకోగలనా? లెక్కల పుస్తకంలో తప్పు అంకెను రేపు సరిచేయవచ్చు. మందుల షాపులో తప్పుగా ఇచ్చిన మాత్రను రోగి మింగితే వెనక్కి తీసుకోలేం. కోపంలో తోటి పనివానిపై మోపిన నిందా అంతే. దిద్దుకోలేని చోట ఆగితే చాలు.

పనివాని ఆలోచనలేనితనం వల్ల నష్టపోయేది చాలాసార్లు అతను కాదు, ఎదుట లేని మరొకరు. అందుకే ఆలోచించి పనిచేయడం మన సౌకర్యం కోసం మాత్రమే కాదు, అది మన చేతిలో ఉంచిన అమానతు. అలాగని ఎటూ తేల్చకుండా నానబెట్టడమూ సరికాదు. సంప్రదించి, నిర్ణయించుకున్నాక అల్లాహ్‌పై భారం వేయమని దివ్యఖుర్ఆన్ బోధిస్తోంది. రాత్రి పడుకునే ముందు ఆ రోజు పనిని ఒకసారి తలచుకుందాం. ఎవరి హక్కుకైనా భంగం కలిగి ఉంటే తెల్లవారగానే సరిదిద్దుదాం.