జాతి అనేది వుందా? – టెంకపురుగు సాక్ష్యం

ప్రకృతిలో వ్యక్తులే వున్నాయి, జాతులు లేవు, అవి మన మనస్సు కల్పించుకున్న సౌకర్యాలు అనే వాదం మళ్లీ మళ్లీ తలయెత్తుతూ వుంటుంది. వినడానికి వినయంగానే వుంటుంది. దాన్ని మామిడి టెంకతో పరీక్షించి చూద్దాం.

ముక్కుపురుగుల కుటుంబంలో పేరు పెట్టిన జాతులే 50,000కు పైగా వున్నాయి. మామిడి టెంకపురుగును 1775లో ఫాబ్రీషియస్ కర్కూలియో ప్రజాతిలో చేర్చాడు. తర్వాత క్రిప్టోరింకస్‌లో వేశారు. యిప్పుడు స్టెర్నోకీటస్‌లో వుంది. చూశారా, అంతా మీ యిష్టమే గదా అంటారు పై వాదులు. మారింది మన అర. పురుగు మారలేదు. దాని దాయాది స్టెర్నోకీటస్ ఫ్రిజిడస్ రూపంలో దానికి చాలా దగ్గర, తినేదీ మామిడినే. కాని ఒకటి టెంకలో పెరుగుతుంది, రెండవది గుజ్జులో. మన గ్రంథాలు చదివి అవి దారులు పంచుకోలేదు.

ఐతే పాత వర్గీకరణ తప్పేమీ చేయలేదని కాదు. సూదికి గుచ్చిన పురుగు తన ముక్కు పొడవు చెబుతుందే గాని, యే గింజలో పుట్టిందో చెప్పదు. గింజలో వుండే పిల్లపురుగులా, తెల్లగా, కాళ్లు లేకుండా అన్నీ ఒకే తీరు. రాలిన గింజలు యేరి, పురుగు రెక్కలతో బయటపడేదాకా కాచుకుంటేనే సంబంధం తేలుతుంది. పనామాలోని బారో కొలరాడో దీవిలో అలాగే చేశారు. (గింజలు యేరిన చేతుల పేర్లు లాటిన్‌లోకి యెక్కడం అరుదు.)

యిది వట్టి పేర్ల తగాదా కాదు. తల్లిచెట్టు కింది గింజలను దాని ప్రత్యేక శత్రువులు తినేయడం వల్ల యితర చెట్లకు చోటు దొరుకుతుందని 1970లో జాన్జెన్ వాదించాడు. ఒకే జాతి అనుకున్న పురుగు నిజానికి చెట్టుకొకటిగా వున్న నాలుగు జాతులైతే ఆ వాదం బలపడుతుంది. అన్ని గింజలూ తినే ఒకే పురుగైతే సన్నగిల్లుతుంది.

'చీడ' అనే మాట సంగతి వేరు. అది జాతి కాదు, పురుగుకూ మన ఆస్తికీ వున్న సంబంధం. అడవిలో వైవిధ్యాన్ని నిలిపే పనే తోటలో నేరమవుతుంది. అమెరికా 18 యేళ్లు మన మామిడిని రానివ్వక, 2007లో కనీసం 400 గ్రే వికిరణం యివ్వాలనే షరతుతో అనుమతించింది. దాని భయాలలో టెంకపురుగు ఒకటి. ఆ పురుగు గుజ్జును పాడుచేసేది తక్కువే. ఐనా టెంకలో దాగి సముద్రాలు దాటగలదు గనక ఆ భయం పూర్తిగా సాకు కాదు.

యీ షరతు న్యాయమా, కాదా అని వాదించదలచిన రైతు ప్రతినిధి ముందుగా చెప్పవలసింది తన తోటలో వున్నది యే జాతి అని. జాతులే లేవనే మిత్రులు ఆ బల్ల దగ్గర అతనికి యేం సాయం చేస్తారో చెప్పాలి.